సున్నాల వీధి

మా వీధిలో ఏడు ఇళ్ళలో జ్వరం. గోడ మీది కాగితంలో అన్ని ఇళ్ళకీ సున్నాలు. ఈ రెండూ ఒకేసారి నిజం కావు. ఎవరో అబద్ధమాడుతున్నారు. ఎవరో నాకు తెలుసనే అనుకున్నాను.

ఊరి చివర ఒక పరిశోధన కేంద్రం ఉంది. దోమ ఎక్కడ గుడ్లు పెడుతుంది, ఎన్నాళ్ళు బతుకుతుంది, దాన్నెలా తగ్గించాలి, ఇవన్నీ చూస్తారట. బోర్డు మీది పేరు చదవాలంటే మధ్యలో ఊపిరి తీసుకోవాలి కాబట్టి మేం దోమల ఆఫీసంటాం. వాళ్ళు మా వీధిలో పన్నెండు ఇళ్ళు ఎంచుకుని ఇంటికొక నల్ల ప్లాస్టిక్ గ్లాసు పెట్టారు. గ్లాసులో సగం నీళ్ళు, లోపల క్లిప్పుకు తగిలించిన గరుకు చెక్కపట్టీ. డెంగీ దోమకు నలుపంటే ఇష్టం, గరుకంటే ఇష్టం. నీటి అంచుకు కాస్త పైన ఆ పట్టీకే గుడ్లు అంటిస్తుంది. ప్రతి మంగళవారం ఒక అమ్మాయి వచ్చి, పట్టీ తీసి, భూతద్దం పెట్టి గుడ్లు లెక్కపెట్టి, రిజిస్టరులో రాసుకుని, పట్టీని కవరులో వేసుకుని, కొత్తది పెట్టి వెళ్ళేది. ఆ లెక్కను ఇంటి నంబర్ల వారీగా కాగితం మీద రాసి వీధి గోడకి అంటించేవాళ్ళు. గుడ్లు ఎక్కువున్న వీధికి ముందు మనుషులొస్తారు, డ్రమ్ములకు మూతలొస్తాయి, నీళ్ళలో కలిపే మందొస్తుంది. సున్నా వచ్చిన వీధి వరసలో చివర నిలబడాలి.

ఆ అమ్మాయిని అందరూ గ్లాసుల పిల్ల అనేవాళ్ళు. నన్ను అర్జీల అక్క అంటారు. నేను బట్టలు కుడతాను, ఎవడైనా కుదురుగా లేకపోతే అర్జీ రాస్తాను. రెండూ సూదితో చేసే పనులే అంటాడు మా ఆయన.

ఆ ఏడు జ్వరాల్లో ఒకటి మా ఆయనది. బస్సుల మెకానిక్కు, ఇంజను కింద పడుకుని పాటలు పాడే మనిషి, మంచం మీద అటు తిరగాలంటే మూలిగేవాడు. "ఎవరో నా ఎముకలన్నీ విప్పి, తప్పు నట్లు వేసి బిగించారే" అన్నాడు. ఆ వారమే గోడ మీద మా ఇంటి నంబరు పక్కన సున్నా.

నేను నోరు మూసుకునే రకం కాదు. పాత రంగు డబ్బా ఒకటి తీసుకుని నల్లరంగు పూశాను. వడ్రంగి దగ్గర గరుకు చెక్కముక్క తెచ్చి, వాళ్ళు పెట్టినట్టే పెట్టి, అదే కుళాయి నీళ్ళు పోసి కుట్టుమిషను వెనక దాచాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ గ్లాసు కిటికీ కింద, నా డబ్బా మిషను వెనక. మధ్యలో ఆరడుగులు. ఆరో రోజున చెక్క తీసి చూస్తే, పెన్ను మొన ఆనించినట్టు నల్లచుక్కలు. మా ఆయన కళ్ళజోడు అడ్డం పెట్టి లెక్కపెట్టాను. యాభై ఏడు.

మంగళవారం గ్లాసుల పిల్ల వచ్చింది. కిటికీ కింద కూర్చుని పట్టీ తీసి భూతద్దంతో అటూ ఇటూ తిప్పి చూసింది.

"సున్నా అక్కా."

"ఇంకోసారి చూడు."

చూసింది. "సున్నానే."

నేను చెక్కముక్క తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టాను. అప్పటికే గుమ్మం దగ్గర నలుగురాడవాళ్ళు నిలబడ్డారు. నిలబెట్టింది నేనే. "మరి ఇవేంటి? నువ్వులా?"

ఆ అమ్మాయి చెక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇవి గుడ్లే అక్కా. ఎక్కడ పెట్టారు దీన్ని?"

"నువ్వు లెక్కపెట్టని చోట."

ఆమె నా మాట పట్టించుకోలేదు. మళ్ళీ వాళ్ళ పట్టీ తీసి, బొటనవేలితో నిమిరి, వెలుతురుకు ఎత్తి చూసింది. అప్పుడు తల ఎత్తకుండా అంది. "అక్కా, ఈ పట్టీని ఎవరో రుద్దారు. గరుకు పోయింది చూడండి."

"రుద్దారా? మా ఇంట్లోనా?"

"నేనలా అనలేదు. రుద్దారు అన్నాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం, అనుకున్నాను. భుజాలు తడుముకున్నది ఆమె అనే అనుకున్నాను. పన్నెండిళ్ళూ తిరగడానికి బద్ధకించి, సందు చివర అరుగు మీద కూర్చుని సున్నాలు చుట్టి, పట్టుబడేసరికి ఇంటివాళ్ళ మీదికి తోస్తోంది. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ మా అత్తయ్య చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు జ్వరంతో ఆవిడ మనసు బాగోలేదనుకున్నాను.

గురువారానికి అర్జీ తయారైంది. నలభై సంతకాలు. ఎప్పుడూ ఒక్కో సంతకానికీ గడప దగ్గర అరగంట బతిమాలాలి. ఈసారి ఆడవాళ్ళు పెన్ను లాక్కుని మరీ పెట్టారు. చైతన్యం వచ్చిందనుకుని పొంగిపోయాను. అనుమానమంతా బయటివాళ్ళ కోసం దాచుకుంటే ఇలాగే ఉంటుంది.

దోమల ఆఫీసులోకి అడుగు పెట్టడం అదే మొదలు. లోపలి వరండాలో తలుపు మీద తలుపు, మధ్యలో దోమతెర. గాజు పలక వెనక ఒక గది, కుక్కర్ మూత తీసినప్పటి తేమ. తెల్ల ట్రేలలో నీళ్ళు, నీళ్ళలో తలకిందులుగా వేలాడే దోమపిల్లలు. వాటికి చేపల మేత పొడి చేసి చల్లుతోంది ఒకావిడ. పక్కనే తెర కట్టిన పెట్టెల్లో దోమలు. ఒక అటెండరు మోచేతి దాకా చెయ్యి ఒక పెట్టెలోకి దూర్చి, రెండో చేత్తో పేపరు చదువుకుంటున్నాడు. చేతి మీద నల్లగా వాలి ఉన్నాయి.

"ఏమయ్యా, ఇదేం పని?"

"మేపుతున్నానమ్మా. ఆడవాటికి రక్తం ఉంటేనే గుడ్లు. ఇవి ఇక్కడ పుట్టినవే, వీటికి రోగం లేదు."

"రోగం లేదని నువ్వు చూశావా?"

"పదేళ్ళుగా మేపుతున్నాను. నాకు రోగం లేదు," అని పేజీ తిప్పాడు.

ఇక్కడ పెంచుతారు, అక్కడ లెక్కపెడతారు. నా అనుమానం రెట్టింపైంది.

పెద్ద డాక్టరమ్మ పొట్టి జుట్టు మనిషి. అర్జీ చివరి అక్షరం దాకా చదివింది. నా చెక్కముక్క తీసుకుని మైక్రోస్కోపు కింద పెట్టి, తిప్పి, ఇంకోసారి చూసింది. "గుడ్లు మంచివే," అంది, పెరుగు తోడుకుందన్నట్టు. ఆ తర్వాత మెల్లగా అంది. "ఆ అమ్మాయిని పని నుంచి ఆపుతున్నాను. వచ్చే వారం కాక ఆ పై వారం బుధవారం విచారణ. తప్పని తేలితే తీసేస్తాం. మళ్ళీ ఏ కేంద్రంలోనూ ఈ పని దొరకదు. మీకు అర్థమవుతోంది కదా?"

"అర్థమయ్యే రాశాను," అన్నాను.

బయటికొస్తుంటే గ్లాసుల పిల్ల వరండాలో నిలబడి ఉంది. ఆమె మొహం చూడకుండా వచ్చేశాను. నేను గెలిచిన చోట ఎవరి మొహాలూ చూడను. అది నా అలవాటు.

తర్వాతి మంగళవారం ఆమె బదులు సూపర్‌వైజరు వచ్చాడు. మీసాల మనిషి, ప్రతి ఇంట్లో చెప్పులు విప్పి మరీ లోపలికి వెళ్ళాడు. నేను వెంటే తిరిగాను, పన్నెండిళ్ళకీ. ప్రతి పట్టీ నా కళ్ళ ముందే తీశాడు, భూతద్దం నా చేతికే ఇచ్చాడు. పన్నెండు సున్నాలు.

"ఇప్పుడేమంటారమ్మా?"

 ఇంటికొచ్చి మిషను వెనక డబ్బాలో కొత్తగా పెట్టిన చెక్క తీసి లెక్కపెట్టాను. నలభై నాలుగు.

 గ్లాసుల పిల్ల రాలేదు, గ్లాసు ముట్టలేదు, అయినా సున్నా. ఆరడుగుల దూరంలో నలభై నాలుగు. దోమ మనుషుల్లా నంబరు చూసి ఇల్లు ఎంచుకోదు. అంటే మంగళవారానికీ మంగళవారానికీ మధ్య ఎవరో మా ఇంట్లోకి వస్తున్నారు. ఎవరు? అటెండరా? పక్కవీధివాళ్ళా, మూతలు మాకు రాకుండా చెయ్యడానికి? తాళాల పనాయన ఇంటి గోడా మా పెరటి గోడా ఒకటే. వాళ్ళావిడ నాతో నెల రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. ఆవిడ మీదికి పోయింది మనసు.

సోమవారం మధ్యాహ్నం, బట్ట తేవడానికి బజారుకు పోతున్నానని గట్టిగా చెప్పి బయటికెళ్ళాను. వీధి చివర దాకా నడిచి, వెనక సందులోంచి తిరిగొచ్చి పెరటి తలుపు పక్కన నిలబడ్డాను. మా ఇంట్లోకే నేను దొంగలా.

అత్తయ్య కిటికీ కింద చాప వేసుకుని కూర్చుంది. గ్లాసు ముందు పెట్టుకుంది. పట్టీ తీసి, గిన్నెలు తోమే బ్రష్షుతో శ్రద్ధగా రుద్దుతోంది. కింద రుద్దింది, పైన రుద్దింది, అంచులు రుద్దింది. ఆ బురద నీళ్ళు పట్టుకెళ్ళి పెరట్లో మొక్కల కుండీ కింది పళ్ళెంలో పోసింది. గ్లాసు కడిగి, కొత్త నీళ్ళు పోసి, పట్టీ తగిలించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. నేను గడప మీద కనిపించేసరికి ఆవిడేమీ ఉలిక్కిపడలేదు.

"అత్తయ్యా, ఏం చేస్తున్నావ్?"

"కనబడటం లేదూ? కడుగుతున్నా."

"ఎప్పట్నుంచి?"

"గోడకి ఆ కాగితం అంటించినప్పట్నుంచి. మన ఇంటి పక్కన ముప్పై ఒకటి వేశారు. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చదివారు. యాభై ఏళ్ళుగా తెల్లారక ముందే ఇల్లు ఊడుస్తున్నాను. నా ఇంట్లో పురుగుల గుడ్లున్నాయని పరాయి పిల్ల వీధంతా చాటితే ఊరుకుంటానా?"

"ఆ నీళ్ళు పళ్ళెంలో పోశావు. ఆ గుడ్లు చావవు అత్తయ్యా. ఎండబెట్టినా నెలలు బతుకుతాయి. తడిస్తే దోమలవుతాయి. నీ కొడుకు జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావ్?"

ఆవిడ మొహం అప్పుడు మారింది. మంచం వైపు చూసింది. మంచం మీద మా ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు, మరీ గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

ఒక కన్ను తెరిచాడు. "మూడు వారాలుగా పడుకునే ఉన్నా కదా, కనబడకేం? అమ్మ కదే. చెబితే నువ్వు అమ్మ మీద అర్జీ పెడతావు."

తాళాలాయన ఇంటికి వెళ్ళాను. ఆవిడ తలుపు సగమే తీసింది. నేను నోరు తెరవకముందే, "కడిగాను. అయితే ఏంటి?" అంది. పన్నెండిళ్ళ వాళ్ళూ కడుగుతున్నారట. ఎవరు ముందు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు, ఒకరిని చూసి ఒకరు. సోమవారం కడగాలి, మంగళవారం పొద్దున్న కడిగితే తడి కనబడుతుంది, ఇది కూడా ఒకరికొకరు చెప్పుకున్నారు.

"నా ఇంటి నంబరు పక్కన తొంభై ఆరు వేశారు," అంది ఆవిడ. "దోమల కొంప అన్నారు. మా చిన్నదాన్ని ఆటకి రానివ్వలేదు. ఆ కాగితం ఎవరు అంటించమన్నారు?"

నేనే. దోమల ఆఫీసు మెట్ల మీద పూట పూటంతా కూర్చుని, అంకెలు దాచకండి, ఇంటింటి లెక్కా గోడకి అంటించండి, మాకు తెలిసే హక్కుందని అరిచింది నేనే. వాళ్ళు విసుగెత్తి ఒప్పుకున్నారు. అది నా గెలుపుల్లో పెద్దదని చెప్పుకుని తిరిగాను.

"ఆ పిల్ల పని పోతుంది," అన్నాను. "బుధవారం వచ్చి ఒక్కమాట చెప్పు. కడిగామని చెబితే చాలు."

"నలభై సంతకాలు పెట్టించుకున్నావు. ఇప్పుడు మేమే వచ్చి మేమే దొంగలమని చెప్పాలా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ముందు మీ అత్తగారిని తీసుకుపో." తలుపు పడింది.

అత్తయ్యనీ అడిగాను. "నేను రాను," అంది. అంతే.

బుధవారం ఒంటరిగా వెళ్ళాను. పొడవాటి బల్ల, ఒక పక్క డాక్టరమ్మ, సూపర్‌వైజరు. చివర కుర్చీలో గ్లాసుల పిల్ల, ఒళ్ళో గుడ్డసంచీ, సంచీలో ఆమె రిజిస్టర్లు. నేను చూసింది చూసినట్టు చెప్పాను.  తప్పు నాదని చెప్పడానికి నాకు అలవాటు లేదు.

డాక్టరమ్మ నోటుపుస్తకంలో రాయడం ఆపింది. "రెండు వారాల కింద మీరు ఇంకోలా రాశారు. నలభై మంది సంతకాలతో."

"అప్పుడు నాకు తెలియదు."

"ఈ అమ్మాయి మీ ఇంటికి వచ్చిందా ఈ మధ్య? వాళ్ళవాళ్ళెవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు."

"మీమీద ఒత్తిడి ఏమైనా…"

"నా మీద ఒత్తిడి పెట్టేవాడు ఇంకా పుట్టలేదు," అన్నాను. సూపర్‌వైజరు దగ్గాడు.

"అయితే మీ అత్తగారేరి? మిగతా పదకొండు మంది?"

"రారు. సిగ్గు."

"రుజువు లేకుండా నేనేం చెయ్యను చెప్పండి?" అంది డాక్టరమ్మ. కోపంగా కాదు, నేను అబద్ధమాడుతున్నానన్న నమ్మకంతో, మర్యాదగా. అర్జీని నమ్మారు, నిజాన్ని నమ్మటం లేదు. అర్జీలో నలభై మంది ఉన్నారు, నిజంలో నేనొక్కదాన్నే.

గ్లాసుల పిల్ల అప్పుడు మాట్లాడింది. నా వైపు చూడలేదు. "మేడమ్, పట్టీలు రుద్దారని ఆ రోజే చెప్పాను. నా రిజిస్టర్లో రాశాను కూడా. పక్కన చిన్న అక్షరాలతో."

"ఆ పట్టీలన్నీ ఏం చేస్తారు?" అన్నాను నేను.

"కట్టకట్టి బీరువాలో పెడతాం," అన్నాడు సూపర్‌వైజరు. "గుడ్లున్నవి మైక్రోస్కోపుకి వెళ్తాయి. సున్నా వచ్చినవి నేరుగా బీరువాకే."

"అంటే సున్నా పట్టీని ఎవరూ చూడరు."

"లేనిదాన్ని ఏం చూస్తారమ్మా?"

"తీయండి," అన్నాను. "ఇప్పుడే తీయండి. తీసేదాకా ఈ కుర్చీలోంచి లేవను. ఆ మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో మీకు గుర్తుండే ఉంటుంది."

గుర్తుంది. తీశారు. డాక్టరమ్మ మా ఇంటి పట్టీ మైక్రోస్కోపు కింద పెట్టి చక్రం తిప్పింది.  తర్వాత ఇంకోటి పెట్టింది. ఇంకోటి. నాలుగోదాని దగ్గర కుర్చీ జరిపి, "ఇటు రండి," అంది. ఒక కన్ను మూసి చూశాను. చెక్క కాస్తా దున్నిన పొలంలా ఉంది. బ్రష్షు గీతలు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. చాళ్ళ మధ్య నల్లటి పెంకులు, చిట్లినవి, సగం విరిగినవి, బ్రష్షు అందని పగుళ్ళలో ఇరుక్కుని. ఒకచోట రెండు గుడ్లు పగలకుండా పక్కపక్కనే ఉన్నాయి.

"మేం చూడాల్సింది," అంది డాక్టరమ్మ, నాతో కాదు, బల్లతో.

పన్నెండిళ్ళ పట్టీలూ అలాగే ఉన్నాయి. గ్లాసుల పిల్ల పని నిలబడింది. ఇక ఇంటింటి అంకె గోడకి అంటించం, వీధి మొత్తం ఒకే అంకె వేస్తామని డాక్టరమ్మ చెప్పింది. "మొత్తం వేసి అందులో మీరేం దాస్తారో మాకెలా తెలుస్తుంది?" అన్నాను. అలవాటు. "తెలియదు," అంది ఆవిడ. "ఇంటింటిదీ వేస్తే మీరు కడుగుతారు. వెయ్యకపోతే మీరు నమ్మరు. ఏది కావాలో మీ వీధివాళ్ళే చెప్పండి." 

వరండాలో గ్లాసుల పిల్లను ఆపాను. "తప్పు నాదమ్మా."

"తెలుసు మేడమ్."

"అక్కా అనేదానివి."

"అప్పుడు మీరు నన్ను దొంగ అనలేదు." సంచీ భుజానికి తగిలించుకుంది. "మంగళవారం వస్తాను. కానీ ఇక నేనొక్కదాన్నే లెక్కపెట్టను. ఇంటివాళ్ళు పక్కన కూర్చుని లెక్కపెట్టాలి, నా సంతకం పక్కన వాళ్ళ సంతకం. ఇంకోసారి అర్జీ వస్తే ఇద్దరం పోదాం."

మంగళవారం వచ్చింది. చెప్పులు విప్పి కిటికీ కింద కూర్చుంది, నన్ను పలకరించలేదు. పక్కన చాప మీద అత్తయ్య. నేను కూర్చుంటానంటే, "నీ కళ్ళు సూది దాకానే, జరుగు," అంది ఆవిడ. సోమవారం ఆవిడ గ్లాసు ముట్టలేదు. ముట్టలేదని నాకెలా తెలుసంటే, సోమవారమంతా నేను ఇంట్లోంచి కదల్లేదు.

ఆ అమ్మాయి పట్టీ తీసి, భూతద్దంతో చూస్తూ పెదవులు కదిపింది. తర్వాత రెండూ అత్తయ్య చేతిలో పెట్టింది. అత్తయ్య పిన్నీసు మొనతో ఒక్కొక్క చుక్కనూ చూపిస్తూ లెక్కపెట్టింది, మధ్యలో మా ఆయన మంచం మీంచి ఏదో అడగబోతే చెయ్యి ఎత్తి ఆపేసింది.

"ఎంత?" అంది ఆ అమ్మాయి, పెన్ను పట్టుకుని.

"నలభై రెండు."

"నాకు నలభై వచ్చాయి పెద్దమ్మా."

"ఈ మూల చూశావా? ఈ అంచు కింద? ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి."

గ్లాసుల పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. ఇద్దరినీ నమ్మలేదు. పట్టీ తిరిగి తీసుకుని, వెలుతురు వైపు జరిగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"నిదానంగానే చూడు," అంది అత్తయ్య. "నలభై రెండుకి తక్కువ రాస్తే సంతకం పెట్టను."